కంట్రోలరు దోషమా, తీఁగ దోషమా?



నేఁడు మన యూళ్లలో చెఱువు పూడిక తీయుచున్నను, కాలువ గట్టు వేయుచున్నను, వీధిదీపము మార్చుచున్నను ఇనుపచేయి చాచిన యంత్రమొకటి యచ్చట కానవచ్చును. మట్టి త్రవ్వుదానిని ఏ కంపెనీవారు చేసినను మనవారు జేసీబీ యనియే యందురు. వరికోత యంత్రము, లారీపై నమర్చిన క్రేను, మనుష్యులను తొట్టిలో నిలిపి దీపస్తంభము కొన వఱకు ఎత్తెడి బూమ్ బండి, ఇవి యన్నియు ఆ జాతిలోనివే. వీని కండబలము నూనెది. వీని బుద్ధి విద్యుత్తుది. ఆ బుద్ధిని ఒక చిన్న పెట్టెలో నుంచిరి. దానికి నియంత్రకమని నేనొక పేరు పెట్టవచ్చును గాని, షెడ్డులో పనిచేయువానికి తెలియని మాటవలన ప్రయోజనమేమి? పనివారు దానిని కంట్రోలరందురు. నేనును అట్లే చెప్పెదను.

నేను బడిలో తెలుఁగు చెప్పి విశ్రాంతి పొందినవాఁడను. యంత్రవిద్య నా వృత్తి గాదు. అయినను నా శిష్యులలో నొకఁడు ఇట్టి యంత్రములను బాగుచేసి జీవించుచున్నాఁడు. సాయంకాలములందు అతని షెడ్డునకు పోయి కూర్చుండుట నాకు అలవాటైనది. అచ్చట చూచినదియు, అతనివలన విన్నదియు, పిమ్మట పుస్తకములలో సరిచూచుకొన్నదియు మీకు విన్నవించెదను. చెప్పఁదలఁచిన ముఖ్యవిషయము ఒక్కటియే. ఇట్టి యంత్రము మొరాయించినపుడు యజమాని తొలుత అనుమానించునది కంట్రోలరును. వేలకొలఁది రూపాయలు వెచ్చించి మార్చునదియు దానినే. దోషమో, తఱచుగా దానికి పోవు తీఁగలయందును, ఆ తీఁగలు కలిసెడి చోటులయందును ఉండును. ఈ తప్పు తీర్పువలన ధనము పోవుటయే గాక, తొట్టిలో నిలిచినవాని ప్రాణమునకును అపాయము కలదు.

మొదట నూనె సంగతి చెప్పెదను. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుఁడగు బ్లేజ్ పాస్కల్ తెలిపెను. ఆ సూత్రము నాధారముగాఁ గొని 1795లో ఇంగ్లండు దేశీయుఁడగు జోసెఫ్ బ్రామా నీటి ఒత్తిడితో పనిచేయు యంత్రమునకు పేటెంటు పొందెను. నేఁటి యంత్రములలో నీటికి బదులు నూనె కలదు. ఇంజను పంపును త్రిప్పును. పంపు నూనెను త్రోయును. ఆ నూనె సిలిండరులో ప్రవేశించి పిస్టనును నెట్టును. పిస్టను కడ్డీ బూమును ఎత్తును. పంపునకును సిలిండరునకును నడుమ నుండి నూనెకు దారి చూపునది వాల్వు. వాల్వులోపల స్పూలను ఉక్కుకడ్డీ యొకటి ముందు వెనుకలకు జరుగును. కొంచెము జరిగిన కొంచెము నూనె, ఎక్కువ జరిగిన ఎక్కువ నూనె. త్రోయు బలము తొలఁగినంతనే స్ప్రింగులు స్పూలును నడుమకు తెచ్చి దారి మూయును.

పూర్వము డ్రైవరు ఈ స్పూలును పొడవైన లివరుతో తన చేతిబలము చేతనే జరిపెడివాఁడు. ఇప్పటికిని అనేక యంత్రములలో అట్లే కలదు. విద్యుత్తుతో నడుచు వాల్వులలో స్పూలు కొనయందు రాగితీఁగ చుట్టిన కాయిల్ యుండును. అందు విద్యుత్తు ప్రవహించినపుడు అది అయస్కాంతమై స్పూలును నెట్టును. ప్రవాహము హెచ్చినకొలఁది నెట్టును హెచ్చును. కోరినంతకు తగినంత యిచ్చును గావున ఇట్టిదానికి ప్రొపోర్షనల్ వాల్వని పేరు.

డ్రైవరు చేతిలోని జాయ్‌స్టిక్కునకును ఈ కాయిల్‌కును నడుమ నిలిచినది కంట్రోలరు. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుబాసీ నిలిచినట్లు ఇది రెండు భాషలెఱిఁగిన మధ్యవర్తి. జాయ్‌స్టిక్కు వోల్టులలో మాటలాడును. కాయిల్‌కు ఆంపియర్ల భాషయే తెలియును. అనేక యంత్రములలో కంట్రోలరు జాయ్‌స్టిక్కునకు 5 వోల్టులిచ్చి, అది తిరిగి పంపునది ఎంతయో చూచుచుండును. చేయి తీసినపుడు సరిగా నడుమ 2.5 వోల్టులు. ఒక కొసకు త్రోసిన 4.5, రెండవ కొసకు లాగిన 0.5. సున్న మొదలు 5 వఱకు ఏల వాడుకొనలేదని మీరడుగవచ్చును. తీఁగ తెగినచో సాధారణముగా సున్న కనఁబడును. అది 5 వోల్టుల తీఁగకు తగిలినచో 5 కనఁబడును. ఈ రెండును చేతి యాజ్ఞలు కావు, రోగలక్షణములు. వానిని గుర్తించి యంత్రమును నిలుపుటకే రెండు కొసలయందును చోటు విడిచిరి. దుబాసీ తనకు అర్థము కాని మాటను ఊహించి చెప్పుటకంటె ఊరకుండుట మేలు గదా!

మఱియొక విశేషము కలదు. కంట్రోలరు కాయిల్‌కు వోల్టులను కొలిచి యీయదు. ఆంపియర్లను కొలిచి యిచ్చును. ఏలయనఁగా రాగి వేఁడెక్కినకొలఁది దాని నిరోధము పెరుగును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేఁడిలో 20 ఓములున్న కాయిల్ 80 డిగ్రీలలో సుమారు 24.7 ఓములగును. జర్మనీ దేశీయుఁడగు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రము ప్రకారము 24 వోల్టులు మొదటి స్థితిలో 1.2 ఆంపియర్లు పంపును. రెండవ స్థితిలో 0.97 మాత్రమే పంపును. వోల్టులను నమ్మి నడిపినచో ఉదయము చుఱుకుగా లేచిన బూము మధ్యాహ్నము బద్ధకించును. ఆ కారణమున కంట్రోలరు ప్రవాహమును తానే కొలుచుకొనుచు, తగ్గినపుడు కలిపి, హెచ్చినపుడు తగ్గించి, కోరిన ఆంపియర్లను నిలుపును. అయితే కలుపుటకు బ్యాటరీ వైపునుండి వోల్టులు మిగిలి యుండవలయును. త్రోవలోని చిలుము పట్టిన కీలులో అవి హరించిపోయినచో దుబాసీ ఏమి చేయఁగలఁడు?

కలుపుటయు తగ్గించుటయు కొళాయి త్రిప్పినట్లు జరుగదు. కంట్రోలరు సెకనుకు నూఱుమార్లో, అంతకంటె నెక్కువగానో స్విచ్చి వేసి తీయుచుండును. వేసి యుంచిన కాలము హెచ్చినచో సగటు ప్రవాహము హెచ్చును. ఈ వేగమగు తెఱపి మూఁతలవలన స్పూలు సన్నగా వణఁకుచుండి, ఉన్నచోటనే అంటుకొనిపోక సులభముగా జరుగును. పనిచేయు వాల్వునుండి కొన్ని యంత్రములలో సన్నని జుమ్మను నాదము వినఁబడును. అది రోగము కాదు. దీనివలన కొలుచువాఁడు గ్రహింపవలసినది యేమనఁగా, పనిచేయు కాయిల్‌పై సామాన్యమగు మీటరు చూపు వోల్టులు సగటు లెక్క మాత్రమే. కాయిల్ సంగతి తేల్చుటకు ఆంపియర్లనే కొలువవలయును.

ఇక తీఁగలు కలుపు పద్ధతి. దీనియందు ఐదు నియమములు కలవు. ప్రతి నియమమునకును కారణము చెప్పెదను. కారణము తెలిసిన నియమమే మనస్సున నిలుచును.

మొదటిది ఫ్యూజు. బ్యాటరీనుండి బయలుదేరు తీఁగకు ఫ్యూజు బ్యాటరీకి దగ్గఱనే యుండవలయును. ఫ్యూజు ముఖ్యముగా తీఁగను కాపాడును. ఫ్యూజునకు ముందున్న తీఁగ ముక్క ఇనుమునకు తగిలినచో దానిని ఆపువాఁడు లేఁడు. అది యెఱ్ఱగా కాలి మంట పుట్టించును. కాలిపోయిన ఫ్యూజునకు బదులు రాగిపోగును బిగించుట కావలివానిని పంపివేసి తలుపు తెఱచి నిద్రించుట వంటిది.

రెండవది ఎర్తు. కంట్రోలరుయొక్క ఋణపు తీఁగ బ్యాటరీ ఋణధ్రువమునకు సూటిగా పోవలయును. యంత్రపు చట్రము ఇనుపదే గదా యని దగ్గఱనున్న బోల్టునకు బిగించుట పలువురి అలవాటు. బోల్టు క్రింద రంగు ఉండును; కొంతకాలమునకు తుప్పు పట్టును. అటుపిమ్మట ఆ చోట వోల్టులు హరించిపోవును.

మూఁడవది జాయ్‌స్టిక్కు ఎర్తు. జాయ్‌స్టిక్కునకును, కోణము కొలుచు సెన్సరులకును ఋణపు తీఁగ కంట్రోలరునుండియే పోయి కంట్రోలరునకే తిరిగి రావలయును. కొలుచువాఁడును, కొలిపించుకొనువాఁడును ఒకే సున్ననుండి లెక్క ప్రారంభింపవలయును. ఒకఁడు గట్టుమీఁద, ఒకఁడు గోతిలో నిలిచి ఎత్తులు పోల్చుకొన్నచో లెక్క తప్పును. ఈ నియమమును మీఱినపుడు ఏమి జరుగునో ముందు ఒక నిదర్శనము చెప్పెదను.

నాల్గవది కాయిల్ తీఁగలు. ప్రతి కాయిల్‌కును రెండు తీఁగలు. అనేక కంట్రోలరులు తిరిగివచ్చు తీఁగయందే ప్రవాహమును కొలుచును. రెండు కాయిళ్ల తిరుగు తీఁగలను ఒకటిగా ముడివేసినను, చట్రమునకు బిగించినను ఆ కొలఁత చెడును. కొలఁత చెడినచో పంపు ఆంపియర్లును చెడును.

ఐదవది వార్తల తీఁగ. పెద్ద యంత్రములలో ఇంజను కంట్రోలరు, బూము కంట్రోలరు, డ్రైవరు ముందరి తెర, ఇవి యన్నియు రెండు తీఁగలపై పరస్పరము వార్తలు పంపుకొనును. ఈ పద్ధతికి క్యాన్ అని పేరు. జర్మనీ దేశపు బాష్ కంపెనీవారు దీనిని 1986లో లోకమునకు తెలిపిరి. ఆ రెండు తీఁగలను జడవలె మెలిపెట్టవలయును. మెలిక యున్నపుడు బయటి విద్యుత్తు అలజడి రెంటికిని సమానముగా తగులును; రెంటి భేదమునే చదువు యంత్రమునకు ఆ యలజడి కానరాదు. రెండు కొసలయందును 120 ఓముల నిరోధమొక్కొక్కటి యుండవలయును. లేనిచో, గోడకు తగిలిన బంతివలె వార్త వెనుకకు మరలివచ్చి క్రొత్త వార్తతో కలగాపులగమగును.

దీనిని పరీక్షించుట మిగుల సులభము. బ్యాటరీ స్విచ్చి తీసి, ఆ రెండు తీఁగల నడుమ ఓములు కొలువుఁడు. 60 వచ్చిన క్షేమము. 120 వచ్చిన ఒక కొస నిరోధము లేదనియో, తీఁగ యెక్కడనో తెగినదనియో అర్థము. 40 వచ్చిన మూఁడవ నిరోధమును ఎవరో అదనముగా చేర్చిరి. సున్నకు దగ్గఱగా వచ్చిన రెండు తీఁగలు ఒకదాని నొకటి తాఁకుచున్నవి.

ఈ యైదింటికి తోడు ఒక హెచ్చరిక. యంత్రముపై ఎలక్ట్రిక్ వెల్డింగు చేయుటకు ముందు బ్యాటరీ తీఁగలను విప్పి, కంట్రోలరు కనెక్టరులను ఊడదీయవలయును. వెల్డింగు ఎర్తు పట్టును అతుకు వేయు చోటికి దగ్గఱనే పట్టింపవలయును. కంట్రోలరు నిజముగా కాలిపోవు సందర్భములలో ఇది యొకటి.

ఇప్పుడు దోషవిచారమునకు వచ్చెదము. మా కాలపు పాఠశాలలలో తర్కశాస్త్రము చెప్పునపుడు ప్రత్యక్షము, అనుమానము, ఆప్తవాక్యము అని ప్రమాణములను నేర్పెడివారు. షెడ్డులోను ఇవియే ప్రమాణములు. కన్ను, చెవి, మీటరు ప్రత్యక్షము. కొలిచినదానినుండి కొలువనిదానిని తెలిసికొనుట అనుమానము. యంత్రముతో వచ్చిన పుస్తకమును, అందలి తీఁగల పటమును ఆప్తవాక్యము. కంట్రోలరుపై చిన్న దీపము మిణుకుమిణుకుమని వెలుఁగుటకు అర్థము ఆ పుస్తకముననే కలదు. పలువురు పుస్తకమును మొదటిరోజుననే పోఁగొట్టుకొని, దీపము మిణుకుమనుచున్నది గావున కంట్రోలరు చెడినదందురు. దీపము రోగమును తెలుపుచున్నది. తెలుపువాఁడే రోగి యనుట న్యాయమా?

ఏ పరీక్షకైనను ముందు బూమును నేలకు దించి, ఇంజను ఆపి, పుస్తకములో చెప్పినట్లు నూనె ఒత్తిడిని వదలవలయును. నూనె కాఱుచోటును చేతితో తడిమి వెదకరాదు. సూదిమొనవంటి రంధ్రమునుండి వచ్చు నూనెధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనఁబడినను అది వెంటనే వైద్యునియొద్దకు పోవలసిన గాయము.

పిమ్మట మొదటి ప్రశ్న: దోషము నూనెదా, విద్యుత్తుదా? అనేక వాల్వులకు కాయిల్ కొనయందు చేతితో నొక్కుటకు వీలగు చిన్న మేకు కలదు. దాపున మనుష్యులెవరును లేకుండఁ జూచి, ఇంజను నడపి, ఆ మేకును మెల్లగా నొక్కుఁడు. బూము కదలినచో పంపు, నూనె, సిలిండరు క్షేమము. విచారము విద్యుత్తువైపు పోవలయును. కదలనిచో తీఁగలను వెదకి ప్రయోజనము లేదు. నూనె మట్టమును, ఫిల్టరును, పంపును చూడవలయును. ఈ యొక్క పరీక్షతో వెదకవలసిన ప్రదేశము సగమగును.

రెండవ ప్రశ్న: కంట్రోలరునకు తిండి చేరుచున్నదా? వోల్టులను కొలువుఁడు, కాని పనిచేయించుచు కొలువుఁడు. ఇందు మోసపోవుటకు వీలు కలదు. తీఁగలోని పోగులన్నియు తెగి ఒక్క పోగు మిగిలినను, పని లేనపుడు మీటరు నిండుగా 24 వోల్టులు చూపును. మీటరు త్రాగు విద్యుత్తు అత్యల్పము. దానికి ఒక్క పోగే చాలును. కాయిల్ లాగునప్పుడు ఆ పోగు చాలక వోల్టులు పడిపోవును. కావున తిండి తీఁగను ఊడదీసి చూచునపుడు, దాని కొనయందు లారీ బల్బు నొకదానిని వెలిగించి పరీక్షింతురు. బల్బు నిండుగా వెలిఁగిన తీఁగ మంచిది. ఈ బల్బును తిండి తీఁగపై మాత్రమే వాడవలయును. జాయ్‌స్టిక్కు తీఁగలపై పెట్టినచో కంట్రోలరునకే హాని.

అట్లే మీటరుయొక్క ఒక మొనను బ్యాటరీ ఋణధ్రువముపైనను, రెండవదానిని కంట్రోలరు ఋణపు తీఁగ కొనయందును ఉంచి, యంత్రము పనిచేయునపుడు చూడుఁడు. దాదాపు సున్న యుండవలయును. అర వోల్టు మించిన, ఎర్తు త్రోవలో ఎక్కడనో చిలుము కలదు.

మూఁడవ ప్రశ్న: కాయిల్ క్షేమమేనా? కనెక్టరు ఊడదీసి ఓములు కొలిచి, ప్రక్కనున్న అట్టి కాయిల్‌తో పోల్పుఁడు. అనంతము చూపిన లోపల తీఁగ తెగినది. మిక్కిలి తగ్గిన చుట్లు కలిసిపోయినవి. ఇచ్చట మన తార్కికుల అన్వయవ్యతిరేకములు చక్కగా పనికివచ్చును. ఏది యున్నపుడు దోషముండునో, ఏది లేనపుడు దోషముండదో అదియే కారణము. ఒకే విధమగు రెండు కాయిళ్ల కనెక్టరులను పరస్పరము మార్పుఁడు. దోషము పాత కాయిల్‌తోనే నిలిచినచో కాయిల్ చెడినది. దోషము కనెక్టరుతో పాటు రెండవ కాయిల్‌కు మాఱినచో తీఁగయో, కంట్రోలరో కారణము. కనెక్టరులు మార్చినపుడు ఎత్తు మీట దించును, దించు మీట ఎత్తును. కావున ఈ పరీక్షకు చుట్టును చోటు ఖాళీగా నుండవలయును.

నాల్గవది, తీఁగల కట్టను చేతితో కదలించి చూచుట. బూము మోకాలికడ వంగెడి చోటను, ఇనుపరేకు అంచునకు ఒఱసికొనెడి చోటను తీఁగ అరుగును. కనెక్టరులోనికి వాననీరు దిగి పచ్చని చిలుము పట్టును. ఒకఁడు మీటరును చూచుచుండఁగా మఱియొకఁడు కట్టను కదలించినచో అంకె ఎగిరిపడు చోటే దోషస్థానము.

ఇవి యన్నియు ముగిసిన పిమ్మటనే కంట్రోలరును అనుమానింపవలయును. లోనికి సరియైన తిండియు, సరియైన యాజ్ఞయు చేరుచుండఁగా, మంచి కాయిల్‌కు మంచి తీఁగపై ప్రవాహము రాకున్నచో, అపుడు దోషము దానిదే. అపుడును క్రొత్తదానికి పాతదాని అమరికలు, అనఁగా స్పూలు కదలుట కారంభించు ఆంపియర్లును, పూర్తిగా తెఱచుకొను ఆంపియర్లును, తిరిగి వ్రాయవలసి యుండును.

ఇప్పుడు ముందు చెప్పెదనన్న నిదర్శనము. వీధిదీపములు మార్చెడి బూమ్ బండి యొకటి మా శిష్యుని షెడ్డునకు వచ్చెను. పగలు బాగుగా నుండి, చీఁకటి పడిన పిమ్మట చేయి తాఁకకయే బూము మెల్లగా పైకి లేచుచున్నదని దాని డ్రైవరు మొఱపెట్టుకొనెను. తొట్టిలో ఇరువురు నిలిచి కరెంటు తీఁగల దాపున పనిచేయు బండి యది. అప్పటికే వేఱొకచోట కంట్రోలరు మార్చిరి. వారము దినములు బాగుగానే యుండెనఁట. అందువలన పాత కంట్రోలరే చెడినదనియు, క్రొత్తదియు మరల చెడినదనియు వారి నిశ్చయము.

శిష్యుఁడు డ్రైవరును ఒక్క ప్రశ్న యడిగెను: "ఆ వారమంతయు మీరు ఏ వేళ పనిచేసితిరి?" పగటివేళ యని సమాధానము. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగినందున కాకియే పండును పడఁగొట్టినదను కాకతాళీయ మిదియే. కంట్రోలరు మార్చుటయు రోగము కనఁబడకుండుటయు ఒకేసారి జరిగినవి. అంతకంటె సంబంధము లేదు.

అతఁడు జాయ్‌స్టిక్కును ముట్టక, కంట్రోలరు కడ దాని వోల్టులు కొలిచెను. 2.5 చూపెను. బూముపై పనిదీపములు వెలిగింపుమనెను. అంకె 2.8 అయ్యెను. ఆర్పుమనెను. మరల 2.5. ఇది అన్వయము, అది వ్యతిరేకము. ఆ కంట్రోలరు నడిమి 2.5కు ఇరుప్రక్కల 0.2 వఱకు మాత్రమే నిశ్చలముగా నుండునట్లు అమర్చఁబడినది. 2.8 దానికి బూము ఎత్తుమను ఆజ్ఞయే. దుబాసీ తాను విన్నమాటను సరిగానే అనువదించుచుండెను. వినఁబడు మాటయే తప్పు.

ఏల తప్పినది? జాయ్‌స్టిక్కు ఋణపు తీఁగ ఎపుడో తెగఁగా, ఎవరో దానిని దగ్గఱనున్న చట్రపు బోల్టునకు బిగించిరి. చట్రమును బ్యాటరీకి కలుపు పట్టీ తుప్పుపట్టి పదవవంతు ఓము నిరోధము పెంచుకొనెను. పనిదీపములు త్రాగునది 6 ఆంపియర్లు. ఆఱును పదవవంతుతో గుణించిన 0.6 వోల్టు. దీపములు వెలిఁగినపుడు చట్రమంతయు అంత పైకి లేచెను. జాయ్‌స్టిక్కు ఒక కొస 5, రెండవ కొస సున్నకు బదులు 0.6. ఈ రెంటి నడిమి 2.8. లెక్క సరిపోయినది. శిష్యుఁడు ఆ తీఁగను కంట్రోలరునకు మరల చేర్చి, పట్టీని గీఁకి శుభ్రము చేసి బిగించెను. దీపములు వెలిఁగినను అంకె 2.5 దాటలేదు. పనికి కావలసినది మూరెఁడు తీఁగయు, గరుకు కాగితమును.

అయినను అతఁడు అంతటితో బండిని విడువలేదు. ఇట్టి బండ్లలో తొట్టియందు కాలితో త్రొక్కి యుంచవలసిన పెడలు స్విచ్చి యుండును. త్రొక్కనిదే బూము కదలరాదు. అది యుండఁగా చేయి తాఁకని బూము ఎట్లు లేచెను? చూడఁగా, వానకు తడిసి పట్టివేయుచున్నదని పెడలు రెండు తీఁగలను ఎవరో ఒక చిన్న ముక్కతో కలిపివేసిరి. అందువలన యంత్రమునకు ఎల్లప్పుడును కాలు త్రొక్కియున్నట్లే తోఁచుచుండెను. ఎర్తు దోషము ఒక్కటియే యైనచో పెడలు దానిని ఆపియుండును. పెడలు దోషము ఒక్కటియే యైనచో బూము కదలకుండును. రెండును కలిసి ఇరువురిని కరెంటు తీఁగల వైపు మోసికొనిపోవుచుండెను. అతఁడు క్రొత్త పెడలు తెప్పించి బిగించువఱకు బండిని గేటు దాటనీయలేదు. పని చెడుచున్నదని వచ్చినవారు కోపగించిరి. అతఁడు మాఱుమాటాడక తాళము తన జేబులోనే యుంచుకొనెను.

కావున యజమానులకు నా మనవి. ఎఱ్ఱని స్టాపు బొత్తామును, కాలి పెడలును, లిమిట్ స్విచ్చిని తీఁగముక్కతో కలిపి పని గడుపవలదు. అది చెడినదన్న, బండి ఆ పూట నిలువవలసినదే. స్టాపు బొత్తాము కంట్రోలరునకు మనవి చేయునదిగా మాత్రమే యుండరాదు. వాల్వులకు పోవు విద్యుత్తునే తెంపునదిగా నుండవలయును. విద్యుత్తు తెగినచో స్ప్రింగు స్పూలును నడుమకు తెచ్చును. నెలకొకమాఱు ఇంజను నడుచునపుడు దానిని నొక్కి బూము ఆగుచున్నదో లేదో పరీక్షింపుఁడు.

మఱియొక మనవి. యంత్రము ఆరోగ్యముగా నున్న దినముననే దాని అంకెలను ఒక నోటుబుక్కులో వ్రాసి డ్రైవరు సీటు క్రింద నుంచుఁడు. బ్యాటరీ వోల్టులు, జాయ్‌స్టిక్కు నడిమి అంకె, కాయిల్ ఓములు, క్యాన్ తీఁగల ఓములు, ఎర్తు త్రోవలో హరించు వోల్టు, ఈ యైదును చాలును. ఒక గంట పని. రోగము వచ్చిన దినమున ఏ అంకె మాఱినదో చూచినంతనే వెదకవలసిన చోటు తెలియును. వచ్చు ఆదివారము మీ యంత్రము ఖాళీగా నున్నచో ఆ గంటను దీనికై వెచ్చింపుఁడు.